కట్టేసిన ఎవిక్షన్ బాకీకి చెల్లు ఎవరు రాస్తారు? ఒక క్రెడిట్ రిపేర్ సేవపై సమీక్ష

2025 మార్చి నుంచి జూన్ వరకు నేను అమెరికాలో ఒక క్రెడిట్ రిపేర్ సంస్థకు, అంటే మన అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులోని మరకలు తీయిస్తామనే సంస్థకు, నెలనెలా డబ్బు కట్టాను. నా మీద పడిన ఎవిక్షన్ తీర్పును (అద్దె కట్టనందుకు ఇల్లు ఖాళీ చేయమన్న కోర్టు తీర్పును), అదీ బాకీ మొత్తం కట్టేసిన తీర్పును, క్రెడిట్ రిపోర్టు నుంచి తీయిస్తామని వాళ్లు మాట ఇచ్చారు. అందుకు నా దగ్గర 625 డాలర్లు తీసుకున్నారు. పని జరగలేదు. ఆ తీర్పు వాళ్లు వెతికిన చోట అసలు లేనే లేదని, కాబట్టి అది ఎప్పటికీ జరిగే పని కాదని జులైలో గానీ నాకు అర్థం కాలేదు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక సంస్థను దుయ్యబట్టడం కన్నా, ఈ రకం సేవ ఏమి చేయగలదో, ఏమి చేయలేదో వివరంగా చెప్పడమే నాలాగా ఇల్లు దొరకక తిరుగుతున్నవాళ్లకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ముందుగా నా కథ కొంత చెప్పాలి. నాన్నగారికి గుండె ఆపరేషన్ అని 2023 మార్చిలో ఖమ్మం వెళ్లి రెండున్నర నెలలు ఉండిపోయాను. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మేము ముగ్గురం ఉంటున్న అపార్ట్‌మెంటు లీజు నా ఒక్కడి పేరు మీదే ఉంది. నేను లేనప్పుడు అద్దె చూసుకుంటామన్న ఇద్దరు రూమ్మేట్లూ ఏప్రిల్‌లో ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అద్దె ఆగిపోయింది, తలుపుకు నోటీసు అంటించారు, జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో ఎవిక్షన్ కేసు వేశారు, విచారణ రోజున నా తరఫున ఎవరూ హాజరు కాలేదు. మన దగ్గర ఎక్స్‌పార్టీ అనేదాన్నే ఇక్కడ డిఫాల్ట్ జడ్జిమెంట్ అంటారు. జూన్ మొదటి వారంలో అదే పడింది. టెక్సాస్‌లో ఎవిక్షన్ తీర్పు మీద అప్పీలుకు ఉండేది 5 రోజులే. నేను విమానం దిగేసరికి ఆ గడువు దాటిపోయింది. అద్దె, కోర్టు ఖర్చులు కలిపి 4,186 డాలర్లు తేలాయి. అక్టోబరులో ఆ మొత్తాన్ని కాషియర్స్ చెక్కుతో (బ్యాంకే తన పేరున ఇచ్చే చెక్కు) యాజమాన్య సంస్థకు కట్టి రసీదు తీసుకున్నాను. ఏడాదికి పైగా ఒక మిత్రుడి ఇంట్లో వాటా పంచుకుని ఉన్నాను కాబట్టి దాని సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు. 2025 ఫిబ్రవరిలో భార్య, పాప ఇండియా నుంచి వస్తున్నారని సొంతంగా అపార్ట్‌మెంటుకు దరఖాస్తు చేసినప్పుడు, రెండు చోట్ల వరుసగా కాదన్నారు.

ఆ కాదన్న ఉత్తరంలో నా దరఖాస్తును ఏ సంస్థ రిపోర్టు ఆధారంగా తిరస్కరించారో, 60 రోజుల్లోగా ఆ రిపోర్టును నేను ఉచితంగా అడిగి తెప్పించుకోవచ్చని స్పష్టంగా రాసి ఉంది. చట్ట ప్రకారం అలా రాసి తీరాలి. నేను ఆ పేరా చదవలేదు. "ఎవిక్షన్" అన్న మాట కంటపడగానే మనసు చెదిరిపోయి, అదే రాత్రి కనిపించిన మొదటి ప్రకటనకు ఫోన్ చేశాను.

ఫోన్‌లో మాట్లాడిన వ్యక్తి ఎంతో ఓపికగా, ఆప్యాయంగా మాట్లాడాడు. కట్టేసిన తీర్పు కాబట్టి తీయించడం ఇంకా తేలిక అన్నాడు. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే 149 డాలర్లు, తర్వాత నెలకు 119 డాలర్ల చొప్పున నాలుగు నెలలు కార్డు మీద లాగారు. ప్రతిఫలంగా నాకు దక్కినది ఒక లాగిన్, అందులో ఒక పట్టిక. మే నెలలో ఆ పట్టికలో "ఎవిక్షన్ జడ్జిమెంట్" అన్న వరుసకు ఎదురుగా క్రెడిట్ రిపోర్టులు తయారు చేసే మూడు బ్యూరోల కిందా మూడు ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి, పక్కన "తొలగించబడింది" అని ఉంది. ఆ తెర ఫోటో తీసి ఆనందంగా నా భార్యకు పంపాను. మరుసటి వారం మూడో అపార్ట్‌మెంటు వాళ్లు కూడా కాదన్నారు.

వాళ్లు నా తరఫున పంపిన ఉత్తరాల నకళ్లు పట్టుబట్టి తెప్పించుకుంటే అసలు సంగతి బయటపడింది. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్‌లకు అక్షరం తేడా లేకుండా ఒకే ఉత్తరం పంపారు. "ఈ తీర్పు నాది కాదు, నాకు దీనితో సంబంధం లేదు" అని అందులో నా పేరు మీద రాశారు. అది అబద్ధం. కేసు నాదే, తీర్పు నా మీదే. నేను కట్టిన డబ్బు గురించి గానీ, రసీదు గురించి గానీ ఒక్క ముక్క లేదు. బ్యూరోల నుంచి వచ్చిన జవాబు కూడా ఒక్కటే: మీరు చెప్పిన అంశం మీ ఫైలులో లేదు. ఆ జవాబునే సంస్థ వాళ్లు "తొలగించబడింది" అని నమోదు చేసుకుని టిక్కు పెట్టారు. ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఇదే. డబ్బు పోయినందుకు కాదు, నా సంతకం కింద అబద్ధం చేరినందుకు.

ఫైలులో ఎందుకు లేదంటే, 2017 జులై 1 నుంచి ఈ మూడు పెద్ద బ్యూరోలు సివిల్ తీర్పుల విషయంలో పద్ధతి మార్చుకున్నాయి. 2015లో రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో కుదిరిన ఒప్పందాల ఫలితం అది. కోర్టు రికార్డును క్రెడిట్ ఫైలులో చేర్చాలంటే మనిషి పేరు, చిరునామాతో పాటు సోషల్ సెక్యూరిటీ నంబరో పుట్టిన తేదీయో ఉండాలి, ఆ రికార్డును కనీసం 90 రోజులకొకసారి కోర్టులో సరిచూసుకోవాలి. గోప్యత కోసం కోర్టులు సోషల్ సెక్యూరిటీ నంబర్లను బహిరంగ రికార్డుల్లో ఉంచవు కాబట్టి, సివిల్ తీర్పులు దాదాపు అన్నీ ఈ జల్లెడలో ఆగిపోయి ఆ రిపోర్టుల్లో కనిపించకుండా పోయాయి. పన్ను బకాయిల లీన్లు (బాకీ కింద ఆస్తి మీద నమోదయ్యే హక్కులు) కూడా 2018 ఏప్రిల్ నాటికి పూర్తిగా పోయాయి. కోర్టు రికార్డుల్లో ఇప్పుడు క్రెడిట్ రిపోర్టులో మిగిలింది దివాలా ఒక్కటే. 2025లో "క్రెడిట్ రిపోర్టు నుంచి ఎవిక్షన్ తీర్పు తీయిస్తాం" అని డబ్బు అడిగే సంస్థ, ఎనిమిదేళ్ల క్రితమే ఖాళీ అయిన గదిని ఊడ్చిపెడతానంటున్నట్టు లెక్క.

మరి నన్ను మూడు చోట్ల కాదన్నది ఎందుకు? ఈ చిక్కు విప్పింది మా మిత్రుడి భార్య. ఆవిడ ప్లానోలో ఒక అపార్ట్‌మెంటు సముదాయం లీజింగ్ ఆఫీసులో పని చేస్తారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర నా గోడు విని, "అన్నయ్యగారూ, మీరు చూస్తున్న రిపోర్టు వేరు, మా ఆఫీసు చూసే రిపోర్టు వేరు" అన్నారు. అద్దెకు వచ్చేవాళ్ల కోసం టెనెంట్ స్క్రీనింగ్ రిపోర్టులు తయారు చేసే సంస్థలు విడిగా ఉంటాయి. కోర్టుల ఎవిక్షన్ రికార్డులను అవి మూటలుగా కొని తమ దగ్గర పెట్టుకుంటాయి. 2017 మార్పు వాటిని తాకలేదు. అయితే ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వాటికీ పూర్తిగా వర్తిస్తుంది. తప్పు ఉందని మనం ఫిర్యాదు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో విచారించి సరిచేయాలి, లేదా తీసేయాలి.

ఫిబ్రవరి ఉత్తరంలోని 60 రోజుల గడువు నేను క్రెడిట్ రిపేర్ వాళ్లను నమ్ముకుని కూర్చున్న కాలంలోనే గడిచిపోయింది. అదృష్టవశాత్తూ మేలో వచ్చిన మూడో తిరస్కరణ ఉత్తరం ఇంకా గడువులో ఉంది, దానిలో ఉన్నదీ అదే స్క్రీనింగ్ సంస్థ. గడువు లేకపోయినా, దేశవ్యాప్తంగా పనిచేసే ఇలాంటి సంస్థలను 12 నెలలకొకసారి మన ఫైలు ఉచితంగా అడగవచ్చు. రిపోర్టు రెండు వారాల్లో వచ్చింది. చూస్తే ఒకే కేసు రెండు వరుసల్లో ఉంది: కేసు వేసిన తేదీతో ఒకటి, తీర్పు తేదీతో ఒకటి. చదివేవాడికి నన్ను రెండుసార్లు ఖాళీ చేయించారనే అనిపిస్తుంది. రెండో వరుసలో బాకీ 4,186 డాలర్లు అని ఉంది. కట్టినట్టు ఎక్కడా లేదు.

ఈ రకం తప్పు నా ఒక్కడికే జరిగింది కాదు. ఒకే ఎవిక్షన్ కేసును పలుమార్లు చూపడం వంటి లోపాల మీద 2023 అక్టోబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో కలిసి ట్రాన్స్‌యూనియన్‌కు చెందిన అద్దె స్క్రీనింగ్ విభాగం చేత 1.5 కోట్ల డాలర్లు కట్టించాయి. అంతకుముందు యాప్‌ఫోలియో అనే సంస్థ కూడా ఇటువంటి ఆరోపణల మీద 42.5 లక్షల డాలర్లు చెల్లించింది. మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో ముప్పు ఉంది. పేరు మాత్రమే చూసి రికార్డు జతచేసే సంస్థల వల్ల ఒకరి కేసు మరొకరి నెత్తిన పడుతుంది. ఇంటిపేరు ముందుండి, మిగతా పేరు రెండు మూడు ముక్కలై, ఒక్కో కాగితంలో ఒక్కో వరుసలో రాయబడే మన పేర్లకు, ఒకే పేరున్న వాళ్లు పదుల సంఖ్యలో ఉండే ఇర్వింగ్, ఎడిసన్ వంటి ఊళ్లలో, ఇది ఊహించలేని సంగతి కాదు. పేరు ఒక్కటే చూసి జతచేయడం సరైన పద్ధతి కాదని వినియోగదారుల బ్యూరో 2021 నవంబరులో ప్రకటించింది. ఆ ప్రకటనతో నిమిత్తం లేకుండానే, సాధ్యమైనంత గరిష్ఠ కచ్చితత్వం పాటించాలన్న మాట చట్టంలోనే ఉంది.

ఇక అసలు పని. కట్టాను కదా, రసీదు ఉంది కదా, అదే పంపిస్తే సరిపోతుందనుకుని ముందు కోర్టుకు వెళ్లాను. కౌంటరు దగ్గర ఉన్నావిడ నా కేసు నంబరు కొట్టి, తెర నా వైపు తిప్పి చూపించింది. చివరి వరుస 2023 జూన్ నాటి తీర్పు. దాని కింద ఏమీ లేదు, ఖాళీ. "డబ్బు ఇచ్చింది వాళ్లకు, మాకు కాదు కదా, వాళ్లు చెబితేనే మాకు తెలుస్తుంది" అందావిడ. ఆ మాట వినగానే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పు తీర్చినప్పుడల్లా, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక కూడా ఆయన గుమ్మం దాటేవారు కాదు. నోటు వెనక చెల్లు రాయించుకుని, లేదా నోటే వెనక్కి తీసుకుని, అప్పుడు లేచేవారు. నేను 4,186 డాలర్లు ఇచ్చి చెల్లు రాయించుకోకుండా లేచి వచ్చేశాను. స్క్రీనింగ్ సంస్థ తప్పు ఎంతో, ఈ విషయంలో నా నిర్లక్ష్యం అంత.

టెక్సాస్‌లో ఆ చెల్లు కాగితాన్ని రిలీజ్ ఆఫ్ జడ్జిమెంట్ అంటారు. చాలా రాష్ట్రాల్లో సాటిస్‌ఫాక్షన్ ఆఫ్ జడ్జిమెంట్ అంటారు. ఒక్క పేజీ. కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు, తీర్పు తేదీ, మొత్తం, అది పూర్తిగా ముట్టిందని, ఈ తీర్పు నుంచి విడుదల చేస్తున్నామని రెండు వాక్యాలు, కింద తీర్పు గెలిచినవాళ్ల సంతకం, నోటరీ ముద్ర. దీన్ని సంపాదించడానికి నాకు దాదాపు ఐదు వారాలు పట్టింది. యాజమాన్య సంస్థలో అప్పటి మేనేజరు లేడు, ఫోన్లకు జవాబు లేదు. చివరకు రసీదు నకలు, కాషియర్స్ చెక్కు నకలు, వివరాలు నేనే నింపి సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంచిన రిలీజ్ కాగితం, తిరుగు కవరు అన్నీ కలిపి, అందినట్టు సంతకం వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో వాళ్ల లెక్కల విభాగానికీ, కేసు వేసిన న్యాయవాది ఆఫీసుకూ పంపాను. న్యాయవాది ఆఫీసు నుంచి సంతకం అయి వచ్చింది. అవతలివాడి పని తేలిక చేసి పెడితేనే కాగితం కదులుతుందన్నది నేను ఇక్కడ నేర్చుకున్న పాఠం. ఆ కాగితాన్ని కోర్టులో దాఖలు చేసి, ధ్రువీకరించిన నకళ్లు మూడు తీసుకున్నాను. తీర్పును కౌంటీ క్లర్కు ఆఫీసులో ఆస్తి మీద లీన్‌గా కూడా నమోదు చేసి ఉంటే, రిలీజ్‌ను అక్కడ కూడా నమోదు చేయించాలి; నా విషయంలో అలా జరగలేదు.

స్క్రీనింగ్ సంస్థకు ధ్రువీకరించిన నకలు జతచేసి, రెండే విషయాలు రాశాను: ఇది ఒకే కేసు, రెండుగా చూపుతున్నారు, బాకీ పూర్తిగా తీరింది, తీరలేదని చూపుతున్నారు. నాది కాదని రాయలేదు. ఇరవై ఆరో రోజున సవరించిన రిపోర్టు వచ్చింది. ఒకే వరుస, బాకీ సున్నా, తీర్పు "సాటిస్‌ఫైడ్", అంటే బాకీ తీరింది, అన్న మాట. తీసేయలేదు, తీసేయాల్సిన అవసరం చట్ట ప్రకారం వాళ్లకు లేదు. నిజమైన తీర్పును నమోదైన తేదీ నుంచి సాధారణంగా 7 సంవత్సరాలు చూపవచ్చు, డబ్బు కట్టడం వల్ల ఆ గడియారం ఆగదు. "కట్టేసిన తీర్పును తీయించడం తేలిక" అని ఫోన్‌లో చెప్పిన మాటలో ఉన్న మోసం ఇదే. కట్టడం వల్ల మారేది తీర్పు పక్కన రాసే మాట, తీర్పు ఉనికి కాదు.

కొన్ని రాష్ట్రాల్లో ఎవిక్షన్ రికార్డునే కనిపించకుండా చేయడం కూడా సాధ్యమే. కాలిఫోర్నియాలో 2017 నుంచి అమలైన చట్టం ప్రకారం ఇంటి యజమాని 60 రోజుల్లో గెలిస్తే తప్ప ఎవిక్షన్ ఫైలు బయటివాళ్లకు కనిపించదు. మిన్నెసోటాలో 2024 జనవరి నుంచి కొన్ని రకాల ఎవిక్షన్ కేసులను కోర్టే చెరిపివేసే ఏర్పాటు వచ్చింది. ఒరెగాన్‌లో తీర్పు షరతులు నెరవేర్చినవాళ్లు దాన్ని పక్కన పెట్టమని కోర్టును అడగవచ్చు. టెక్సాస్‌లో నాలాంటివాడికి అటువంటి సాధారణ వెసులుబాటు లేదు. ఇవన్నీ కోర్టు ద్వారా జరిగేవే, బ్యూరోలకు ఉత్తరాలు రాస్తే జరిగేవి కావు. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకు లీగల్ ఎయిడ్ సంస్థలు వీటిలో ఉచితంగా సాయపడతాయి.

న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. నా క్రెడిట్ రిపోర్టులో ఈ గొడవకు సంబంధించిన జాడ ఒకటి ఉంది, కానీ అది తీర్పు కాదు. నేను కట్టకముందే యాజమాన్యం ఆ బాకీని ఒక కలెక్షన్ ఏజెన్సీకి (బాకీలు వసూలు చేసే సంస్థకు) అప్పగించింది, అది కలెక్షన్ ఖాతాగా నమోదైంది, కట్టిన తర్వాత కూడా బాకీ ఉన్నట్టే కనిపిస్తూ వచ్చింది. క్రెడిట్ రిపేర్ వాళ్లు చేయగలిగిన పని ఏదైనా ఉంటే ఇదే, దాన్ని వాళ్లు ముట్టుకోలేదు. నేనే మూడు బ్యూరోలకూ ఏజెన్సీకీ రసీదుతో ఫిర్యాదు చేస్తే బాకీ సున్నాకు మారింది. పూర్తిగా తీసేయమని కోరితే ఏజెన్సీ ఒప్పుకోలేదు. కొత్త తరహా క్రెడిట్ స్కోర్లు, అంటే ఫైకో 9, వాంటేజ్‌స్కోర్ 3 వంటివి, కట్టేసిన కలెక్షన్లను లెక్కలోకి తీసుకోవు. ఇళ్ల రుణాల్లో చాలాకాలంగా వాడుతూ వచ్చిన పాత స్కోర్లు మాత్రం తీసుకుంటాయి. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మూడు బ్యూరోల రిపోర్టులను యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో ఇప్పుడు వారానికొకసారి ఉచితంగా చూసుకోవచ్చు.

డబ్బు వెనక్కి అడిగేటప్పుడు నాకు పనికొచ్చినది 1996 నాటి క్రెడిట్ రిపేర్ ఆర్గనైజేషన్స్ చట్టం. చేస్తామన్న పని పూర్తిగా చేయకముందు రుసుము తీసుకోకూడదని, ఒప్పందాన్ని మూడు పనిదినాల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు ఉందని ఆ చట్టం చెబుతుంది. ముందస్తు రుసుముల విషయంలోనే వినియోగదారుల బ్యూరో వేసిన దావాలో 2023 ఆగస్టులో ఈ రంగంలోని అతిపెద్ద సంస్థల మీద 270 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. నేను చట్టం పేరు రాసి, వినియోగదారుల బ్యూరో వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాక, సంతకం నాటి 149 డాలర్లు తిరిగి ఇచ్చారు. మిగతా 476 ఇవ్వలేదు. నేను సొంతంగా చేసుకున్న పనికి పోస్టు, నోటరీ, నకళ్లు అన్నీ కలిపి 50 డాలర్లు కూడా కాలేదు.

ఈ సేవకు నేను ఐదింటికి ఒక నక్షత్రం ఇస్తున్నాను, ఆ ఒక్కటీ అడిగినప్పుడు ఉత్తరాల నకళ్లు ఇచ్చినందుకు. సెప్టెంబరు చివర్లో క్యారల్టన్‌లో ఒక ఇల్లు దొరికింది. దరఖాస్తుతో పాటే రిలీజ్ కాగితం జిరాక్సు, 2023లో ఏం జరిగిందో చెప్పే అర పేజీ ఉత్తరం ఇచ్చాను. లీజింగ్ ఆఫీసు వాళ్లు రెండూ చదివి, ఒక నెల అద్దె అదనంగా డిపాజిట్ అడిగి ఒప్పుకున్నారు. ధ్రువీకరించిన నకళ్లలో మిగిలిన రెండూ పాస్‌పోర్టులతో పాటు ఒకే కవరులో ఉన్నాయి. 2030 జూన్ దాకా ఆ వరుస నా రిపోర్టులో ఉంటుంది కాబట్టి, అప్పటిదాకా వాటి అవసరం ఉంటుంది.